గోడ దాటిన రిమోట్

హాల్లో వి.సి.ఆర్., పడకగదిలో రెండో టీవీ. కేబుల్ లాగితే బొమ్మ వస్తుంది. సినిమా ఆపాలంటే మాత్రం లేచి హాల్లోకి నడవాలి. వి.సి.ఆర్.ల కాలంలో ఇళ్ళలో ఎదురైన చిక్కు ఇది. కారణం, రిమోట్ నుంచి వెలువడే పరారుణ కిరణాలు గోడ దాటవు.

ఇది లోపమా? ఒకప్పుడు ఇంజనీర్లు కోరుకున్న గుణమే ఇది! 1950లో అమెరికాలోని జెనిత్ కంపెనీ తెచ్చిన రిమోట్‌కు తీగ ఉండేది. 1955లో యూజీన్ పాలీ తీగ లేకుండా కాంతి పుంజంతో పనిచేసే రిమోట్‌ను రూపొందించాడు. అయితే ఎండ పడినా టీవీ దాన్ని ఆజ్ఞగా భావించేది. రేడియో తరంగాలు వాడదామంటే అవి గోడలు దాటి పొరుగింటి టీవీని కూడా మార్చేస్తాయి. అందుకే 1956లో రాబర్ట్ ఆడ్లర్ గది దాటని అతిధ్వనులను ఎంచుకున్నాడు. 1980లలో వాటి స్థానాన్ని పరారుణ కిరణాలు ఆక్రమించాయి.

మరి పక్కగది నుంచి వి.సి.ఆర్.ను నడిపేదెలా? ఇందుకు రెండు చిన్న పెట్టెలు వచ్చాయి. పడకగదిలోని పెట్టె రిమోట్ సంకేతాన్ని అందుకుని, రేడియో తరంగాలపై పంపుతుంది. హాల్లోని పెట్టె దాన్ని తిరిగి పరారుణ కిరణాలుగా మార్చి వి.సి.ఆర్. మీదికి ప్రసరిస్తుంది.

అలా ఇంజనీర్లు కాదన్న రేడియోయే తిరిగి వచ్చింది. పాత బెడద కూడా దాని వెంటే వచ్చింది: అదే పౌనఃపున్యంపై పనిచేసే పెట్టె పొరుగింట్లో ఉంటే, అక్కడ నొక్కిన మీట ఇక్కడి సినిమాను ఆపవచ్చు!