ఎనిమిది అడుగుల చక్రం – మన పాలమూరు బండి

బడి విడిచిపెట్టగానే మహబూబ్‌నగర్ స్టేషన్‌కు పోయి మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లను చూసిన రోజులు మన బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటాయి. "చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం కదా సార్?" అని ఒకసారి లెక్కల సారును అడిగాను. "మరి మన బండికి పెద్ద చక్రం ఎందుకు పెట్టలేదో నువ్వే చెప్పు" అన్నారు. జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్ ఇంజనీర్లు కూడా నా లాగే ఆలోచించారు. 1870లో పాట్రిక్ స్టిర్లింగ్ గ్రేట్ నార్తర్న్ రైల్వే కోసం తయారుచేసిన ఎక్స్‌ప్రెస్ ఇంజను చక్రం ఎత్తు 8 అడుగుల 1 అంగుళం. ఒక్క చుట్టుకు దాదాపు 7.7 మీటర్లు పోతుంది. పిస్టన్ మరీ వేగంగా ఆడితే ఆనాటి లోహాలు, కందెన నూనెలు తట్టుకోవడం కష్టం. అందుకే పిస్టన్‌ను నిదానంగా నడిపి, చక్రాన్ని పెంచారు.

చిక్కేమిటంటే, లాగేది ఒక్క జత చక్రాలే. పెట్టెలు ఎక్కువైనా, ఎత్తు వచ్చినా, పట్టాలు తడిసినా చక్రం జారి ఉన్నచోటనే తిరిగేది. 1880లలో ఆవిరితో పట్టాల మీద ఇసుక చిమ్మే ఏర్పాటు కొన్నాళ్లు ఆదుకుంది. చివరికి రెండు మూడు జతల చక్రాలను కడ్డీలతో కలిపి, ఇంజను బరువును వాటన్నిటి మీదా మోపే పద్ధతే గెలిచింది. ఉక్కు మెరుగుపడ్డాక చిన్న చక్రాలే వేగంగా తిరిగాయి.

ఆ కాలంలోనే మన గడ్డకు రైలు వచ్చింది. నిజాం సొమ్ముతో వాడి–సికింద్రాబాద్ లైను 1874లో మొదలైంది. 1883లో దాన్ని పొడిగించే పనిని లాభానికి హామీ ఇచ్చి లండన్ కంపెనీకి అప్పగించేటప్పుడు, ఒప్పందం వివరాలు ప్రజలకు చెప్పాలని అడిగిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. ఆ లైను భువనగిరి, ఆలేరుల మీదుగా వరంగల్ చేరి, 1889లో బెజవాడను కలిపింది. నల్గొండ పట్టణం మాత్రం స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. పాలమూరుకు 1916 ప్రాంతంలో గద్వాల వైపు మీటర్ గేజ్ లైను పడింది.

మనం చూసిన వైపీ ఇంజనుకు నాలుగున్నర అడుగుల చక్రాలు మూడు జతలు. ఒక్క చుట్టుకు 4.3 మీటర్లే, కానీ మూడు జతలూ లాగేవే. చక్రం కొలత వేగం ఒక్కదానితో తేలదు. బరువు, ఎత్తుపల్లాలు, పట్టాల పట్టు కూడా లెక్కలోకి రావాలి. నేడు మన లైన్ల మీద నడిచే పెద్ద విద్యుత్ ఇంజన్లలో అన్ని చక్రాలూ లాగేవే.

1990లలో మన మీటర్ గేజ్ పోయింది. సారు కూడా ఇప్పుడు లేరు. అప్పుడు ఇవ్వలేని జవాబును ఈ సంచికలో ఆయనకు అప్పగిస్తున్నాను.