పళవేర్కాడులో మనవాళ్ళ ఓడలు

మన పిల్లకాయలు ఈ సెలవులకు పళవేర్కాడు పోయి సరస్సులో కయాక్ నడపాలని మాట్లాడుకుంటున్నారు. పోండి, మంచిదే. అయితే 2011 క్రిస్మస్ నాడు అక్కడ పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయినారు. లోతు లేదులే అనుకోవద్దు. నీళ్ళలోకి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

పొన్నేరిలో రైలు దిగితే బస్సు దొరుకుతుంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రాలో ఉంది, దక్షిణపు కొస మన తిరువళ్ళూరు జిల్లాలో. తెలుగులో దాని పేరు ప్రళయకావేరి. స.వెం.రమేశ్ గారి 'ప్రళయకావేరి కతలు' చదివినవాళ్ళకు నేను చెప్పే పని లేదు.

ఊళ్ళో అందరూ చూసేది డచ్చివాళ్ళ సమాధులు. చంద్రగిరి వెంకటపతి రాయల అనుమతితో 1610లో వాళ్ళు ఇక్కడ వ్యాపారం పెట్టినారు. 1613లో గెల్డ్రియా కోట లేచింది. 1690 దాకా ఈ తీరమంతటికీ ఇదే వాళ్ళ ముఖ్యస్థానం. కోట పోయింది, ఉన్నది దిబ్బలూ పొదలే. సమాధులు మాత్రం నిలిచినాయి. వాకిట రెండు అస్థిపంజరాల బొమ్మలు, లోపల రాళ్ళ మీద పేర్లు, తేదీలు.

సరే, వీళ్ళు వచ్చింది దేనికి? నేతబట్టకు. ఇక్కడి బట్టను తూర్పు దీవులకు పంపి, అక్కడ మిరియాలు, జాజికాయ కొనేవాళ్ళు. ఆ బట్ట సమకూర్చిన వర్తకుల్లో పెద్దతల అచ్యుతప్ప చెట్టి, తెలుగు బలిజ. డచ్చి కాగితాల్లో 'మలయ' అని ఉండేది ఈయనే. దుబాసీగా మొదలుపెట్టి సొంత ఓడలు నడిపినాడు. (తమిళంలో చదువుకున్న నాకు 'కప్పల్' అనే నోటికొస్తుంది, మా మనవరాలు కప్పలనుకొని నవ్వుతుంది!) 1634లో ఆయన పోయినాక తమ్ముడు చిన్నన్న చెట్టి వ్యాపారం చూసుకున్నాడు, రాజకీయాల్లోకి కూడా దిగినాడు.

"మీరు ఇక్కడికి ఎప్పుడు వచ్చినారు?" అని మనల్ని అడగనివాళ్ళు లేరు. చెన్నపట్నంలో ఇంగ్లీషు కోట పని 1640లో మొదలైంది. అప్పటికే ఈ అన్నదమ్ములు పళవేర్కాడులో పేరు మోసినవాళ్ళు. అట్లని మన తాతలందరూ ఓడల చెట్లు అని మీసం తిప్పనక్కరలేదు. మగ్గం మీద కూర్చున్నవాళ్ళూ మూటలు మోసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు బంధువులు ఉన్నవాళ్ళు ఒక పని చేయండి. పాత దస్తావేజులు, తాటాకు లెక్కలు ఏమైనా పెట్టెల్లో ఉంటే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. తెలుగు లిపి చదవడం రాకపోతే పారేయొద్దు, చదివేవాళ్ళు మన సంఘంలో ఉన్నారు.