జామ్, జెల్లీ, మార్మలేడ్: సీసా వెనక ఉన్న చక్కెర కథ

బ్రెడ్ మీద రాసుకునే జామ్, జెల్లీ, మార్మలేడ్... మూడూ ఒకటేనా? కాదు.

పండు గుజ్జును చక్కెరతో ఉడికిస్తే జామ్. గుజ్జు వడకట్టేసి రసాన్ని మాత్రమే ఉడికించి గడ్డకట్టిస్తే జెల్లీ. అందుకే అది అద్దంలా మెరుస్తుంది. నారింజ జాతి పండ్లను తొక్క ముక్కలతో సహా వండితే మార్మలేడ్. ఆ చిరుచేదు తొక్కదే. మూడూ గడ్డకట్టడానికి కారణం పండులో ఉండే పెక్టిన్.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మార్మలేడ్ అనే మాటకి మొదట్లో నారింజతో సంబంధమే లేదు! ఆపిల్, బేరి పండ్లకు దగ్గరి చుట్టం క్విన్స్ అనే వగరు పండు. పోర్చుగీసు భాషలో దాని పేరు 'మార్మెలు'. దాన్ని చక్కెరతో గట్టిగా ఉడికించి, మన మామిడి తాండ్రలా కోసుకు తినేవాళ్ళు. అదే 'మార్మెలాడ'. 1524లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఇది ఒక పెట్టె కానుకగా వచ్చింది. రాజుకి కానుకగా ఇచ్చేంత గొప్ప ఏంటి దీనికి? చక్కెర! అప్పట్లో అది చాలా ఖరీదు.

మరి ఆ చక్కెర సామాన్యుడి దాకా ఎలా వచ్చింది? కరీబియన్ దీవుల చెరకు తోటల్లో ఆఫ్రికన్ బానిసల చెమటతో. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. తోటలకు కొత్త కూలీలు కావాలి. అప్పుడు మారిషస్‌కు ఓడలెక్కిన వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళారు కాబట్టి అక్కడ వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. వాళ్ళు నరికిన చెరకు చక్కెరై బ్రిటన్ మార్కెట్‌కి చేరింది.

తర్వాత యూరప్‌లో బీట్‌రూట్ జాతి దుంపల చక్కెర కూడా పెరిగింది. 1874లో బ్రిటన్ చక్కెర మీద పన్ను ఎత్తేసింది. దాంతో జామ్ చవకైంది. వెన్న కొనలేని ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలకు బ్రెడ్, జామే భోజనమైంది. రాజుగారి కానుక పేదవాడి కడుపు నింపే తిండిగా మారిపోయింది.

పేర్ల గొడవ మాత్రం ఇంకా ఉంది. నారింజ జాతి పండ్లతో చేసినదాన్నే మార్మలేడ్ అనాలని 1979లో యూరప్ దేశాల కూటమి రూల్ పెట్టింది. 2024లో దాన్ని సడలించింది. మన దేశంలోనైతే జామ్‌లో పండు కనీసం 45 శాతం ఉండాలి. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీలకు 25 శాతం చాలు.

ఈసారి సీసా కొనేటప్పుడు ముందు పండు బొమ్మ కాదు, వెనక లేబుల్ చూడండి. పండు ఎంత, చక్కెర ఎంత అన్నది అక్కడే తెలుస్తుంది. ఆ చక్కెర వెనక మాత్రం కోరంగి నుంచి ఓడెక్కిన మనవాళ్ళ కష్టం కూడా ఉంది. అది ఏ లేబుల్ మీదా రాయరు.