హద్దు రాళ్ళ వెంట అడవి దారి

జర్మనీ నడిబొడ్డున, తూరింగియా అడవి కొండల నడినెత్తిన, నాచు పట్టిన పాత రాళ్ళు వరుసగా కనిపిస్తాయి. వంగి చూస్తే పక్కలకు పొడి అక్షరాలు, వరస సంఖ్య చెక్కి ఉంటాయి. బవేరియా పొలిమేర దగ్గరి రాళ్ళ మీద ఒక పక్క బవేరియా రాజ్యపు అక్షరాలు, రెండో పక్క సాక్సె-మైనింగెన్ సంస్థానపు అక్షరాలు. రాతి నెత్తిన ఉలితో తీసిన గాడి ఒకటి ఉంటుంది. హద్దు ఏ దిక్కుగా సాగుతుందో చెప్పే గుర్తు అది. కొన్ని రాళ్ళ మీద మూడు గాళ్ళు ఒకే చోట కలుస్తాయి. ముగ్గురు దొరల ఏలుబడి అక్కడ ఒకదానికొకటి తగిలేదన్నమాట. పొలం గట్టు మీది సర్వే రాయిని తడిమి చూసుకునే మన రైతుకు ఈ రాళ్ళ భాష వేరే చెప్పనక్కరలేదు.

ఈ రాళ్ళను ఒరుసుకుంటూ పోయే దారి పేరు రెన్‌స్టైగ్. పడమట ఐసెనాఖ్ దగ్గర వెర్రా నది ఒడ్డున హోర్షెల్ అనే చిన్న ఊళ్ళో మొదలై, తూర్పున సాలె నది ఒడ్డున బ్లాంకెన్‌స్టైన్‌లో ముగుస్తుంది. పొడవు సుమారు 170 కిలోమీటర్లు. జర్మనీలో కాలినడకన తిరిగేవాళ్ళకు ఇంతకన్నా పేరున్న దారులు తక్కువ. ఆ పేరుకు అడవి అందం ఒక్కటే కారణమనుకుంటే సగమే తెలిసినట్టు. ఈ దారిని శతాబ్దాల పాటు బతికించింది హద్దులే. ఒకసారి దాదాపు చంపిందీ హద్దే.

1330 నాటి ఒక పత్రంలోనే దీని పేరు రిన్నెస్టిగ్ అని కనిపిస్తుంది. దారి కొండల వెన్ను మీదే పోతుంది కాబట్టి నడిచేవాడికి వాగు దాటే పని దాదాపు పడదు. కురిసిన వాన అటో ఇటో జారిపోతుంది. సీగ్‌ముండ్స్‌బుర్గ్ దగ్గర 1906లో నిలిపిన మూడు నదుల రాయి ఉంది. అక్కడి నీళ్ళు ఒక పక్క రైన్‌కు, ఒక పక్క వేజర్‌కు, మరో పక్క ఎల్బేకు చేరతాయి. ఇలాంటి వెన్నుగట్టు దొరికితే ఏ దొరైనా దాన్నే హద్దు చేసుకుంటాడు. యాసలూ దీని దగ్గరే విడిపోయాయి. ఉత్తరాన తూరింగియా మాట, దక్షిణాన ఫ్రాంకోనియా మాట.

దొరల రోజుల్లో తూరింగియా అంటే ఒక రాజ్యం కాదు. వారసులు పంచుకోగా పంచుకోగా ముక్కలైన సంస్థానాల గుంపు. వైమార్, గోథా, మైనింగెన్, రుడోల్‌స్టాట్, ఇలా ప్రతి ఊరి దొరకూ ఒక కోట, ఒక ఖజానా, ఒక సుంకం. 916 మీటర్ల ఇన్సెల్స్‌బెర్గ్ శిఖరం మీదుగానే హద్దు గీత పోయేది. ఒక పక్క గోథా, రెండో పక్క హెస్సె-కాసెల్. 1866 తర్వాత ఆ రెండో పక్క ప్రష్యాది అయింది. కొండెక్కి అలసిన బాటసారి కోసం శిఖరాన ఏ పక్కవాళ్ళ పూటకూళ్ళ ఇల్లు ఆ పక్కన ఉండేది. 1920లో ఏడు చిన్న రాజ్యాలు కలిసి తూరింగియా ఏర్పడ్డాక గానీ ఈ గీతల్లో చాలా వాటికి కాలం చెల్లలేదు. దొరలు పోయారు, రాళ్ళు మిగిలాయి.

సరిహద్దు కాపలావాళ్ళు, వేటగాళ్ళు, బొగ్గు కాల్చేవాళ్ళు ముక్కలు ముక్కలుగా వాడుకున్న ఈ దారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూడాలన్న ఆలోచన గోథా సైన్యంలోని జూలియస్ ఫాన్ ప్లెంక్నర్‌ది. కొలతలు, పటాలు ఆయన వృత్తి. 1830 ప్రాంతంలో ఐదు రోజుల్లో ఆ నడక పూర్తి చేశాడు. ఈ మనిషిని నేను ప్రత్యేకంగా గౌరవిస్తాను. సంస్థానానికి కొలువు చేస్తూ, సంస్థానాలన్నిటినీ దాటుకుంటూ పోయే దారిని ఒకే దారిగా చూడగలిగాడు. తూరింగియాలో అన్నిటికన్నా ఎత్తయిన బేర్‌బెర్గ్ 983 మీటర్లు. దాని పక్కనే, దారి మొత్తంలో ఎత్తయిన చోటు, 973 మీటర్ల దగ్గర ఆయన పేరుతోనే ఉంది.

1896లో రెన్‌స్టైగ్ సంఘం పుట్టింది. ఎదురుపడితే ‘గుట్ రున్‌స్ట్’ అని పలకరించుకోవడం, చెట్ల మీద తెల్లని ‘ఆర్’ అక్షరం గుర్తుగా వేయడం ఈ దారి ఆచారాలు. హోర్షెల్ దగ్గర వెర్రాలోంచి ఒక గులకరాయి తీసి జేబులో వేసుకుని, అన్ని కిలోమీటర్లూ మోసుకెళ్ళి బ్లాంకెన్‌స్టైన్‌లో సాలె నదిలో వేస్తారు. ఆ సాలె నది కిందికి పారి హాలే నగరం చేరుతుంది. చెన్నపట్నంలో తెలుగు నేర్చుకుని స్వదేశం తిరిగివెళ్ళిన బెంజమిన్ షుల్జ్ 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది ఆ హాలేలోనే. తెలుగు అచ్చు చరిత్ర తొలి పుటలు ఆ నది ఒడ్డున ఉన్నాయి.

పాత హద్దులు చెరిగిపోయాయనుకున్న చోటే కొత్త హద్దు లేచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూరింగియా తూర్పు జర్మనీకి, బవేరియా పశ్చిమ జర్మనీకి పోయాయి. రెన్‌స్టైగ్ తూర్పు భాగంలో కొంత దూరం బవేరియా నేల మీదుగా పోతుంది. దొరల కాలంలో అక్కడ రాళ్ళు పాతారు, ఈసారి కంచెలు వేశారు. 1952లో తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు వెంట ఐదు కిలోమీటర్ల వెడల్పున నిషేధిత ప్రాంతం ప్రకటించింది. గీతను ఆనుకుని పది మీటర్ల మేర నేల దున్ని ఉంచారు, అడుగు పడితే ఆనవాలు తెలియాలని. నమ్మకం లేదనుకున్న కుటుంబాలను ఆ వేసవిలోనే ఇళ్ళలోంచి లేపి, సామాన్లు లారీలకెత్తి లోపలి జిల్లాలకు తరలించారు. 1961లో మరోసారి అదే పని చేశారు. ఆ ఊళ్ళవాళ్ళకు సొంత అడవిలోకి పోవడానికే అనుమతి కాగితం కావాల్సి వచ్చింది. దారి తూర్పు కొస నడిచేవాళ్ళకు మూతపడింది.

ఇదంతా జరుగుతున్న ఆ కాలంలోనే, 1951లో హెర్బెర్ట్ రోత్ ఈ దారి మీద కట్టిన పాట తూరింగియా అంతా పాకింది. ఇప్పటికీ తమ సొంత గీతంలా పాడుకుంటారు. 1973లో నలుగురు మొదలుపెట్టిన రెన్‌స్టైగ్ పరుగు వేల మందిని పోగుచేసే పండుగైంది. ఐసెనాఖ్ నుంచి ష్మీడెఫెల్డ్ దాకా దాదాపు 73 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ళకు మధ్య మధ్య ఓట్స్ జావ పోస్తారు. చల్లటి పొద్దున చిక్కటి జావ గ్లాసు అందుకోవడం ఆ పరుగులో ఎవరూ వదులుకోని ముచ్చట. తెగిన దారిని జనం వదిలేయలేదు. మిగిలిన ముక్క మీదే నడిచారు, పరుగెత్తారు, పాడారు.

1989 నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1990 ఏప్రిల్ 28న రెన్‌స్టైగ్‌ను మళ్ళీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరిచారు. రెండు జర్మనీలు అధికారికంగా ఒకటయ్యింది ఆ ఏడాది అక్టోబరు 3న. దేశం కన్నా ఐదు నెలల ముందే దారి కలిసింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన తేదీ ఆ ఏప్రిల్ రోజు.

ఇప్పుడు అడవికే కష్టకాలం. బొగ్గుకు, గాజు బట్టీలకు, ఇనుప కొలుములకు నరికేసిన కొండల మీద తొందరగా పెరుగుతుందని స్ప్రూస్ ఒక్కటే నాటుకుంటూ వచ్చారు. 2018 నుంచి వరుసగా వచ్చిన కరువు ఏళ్ళలో నీళ్ళందక బలహీనపడ్డ ఆ చెట్లను బెరడు పురుగు తొలిచేసింది. అడవి శాఖ వాటి చోట బీచ్, ఫర్, మేపుల్ వంటివి కలిపి పెంచుతోంది. ఇక పాత కంచె ఉన్న పట్టీ సంగతి. దశాబ్దాల పాటు మామూలు జనం అడుగు పడని ఆ నేలలో అరుదైన పక్షులు, పూలు నిలదొక్కుకున్నాయి. అందుకే తూరింగియా తన వాటా 763 కిలోమీటర్ల పట్టీని 2018లో జాతీయ ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. వదిలేస్తే పొదలు కమ్మి ఆ గీత అడవిలో కలిసిపోతుంది. అందుకని చాలా చోట్ల గొర్రెలను మేపి, పొదలు కొట్టి, బయలుగా ఉంచుతున్నారు.