గాలివానలును కరకట్టలును: న్యూ ఆర్లియన్సు చరిత్రము

గాలివానల చరిత్రమును వ్రాయువారు సాధారణముగా గాలి వేగమును, వర్షపాతమును, మృతుల సంఖ్యను చెప్పి విరమింతురు. ఆ లెక్కలు కావలసినవే. కాని ఒకే పట్టణమును తుఫానులు మాటిమాటికి కొట్టుచుండగా ఒక పేట మునిగి వేరొక పేట మిగులుటకును, ఒకప్పుడు గోడ నిలిచి మరియొకప్పుడు కూలుటకును కారణము ఆకాశమున దొరకదు. దానిని మనుష్యుల నిర్ణయములలో వెదకవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూ ఆర్లియన్సు నగరము ఇందులకు నిదర్శనము. మనము తుఫాను అనుదానినే అచ్చటివారు హరికేను అందురు.

1718లో ఫ్రెంచివారు మిసిసిపీ నది వంపున ఈ నగరమును స్థాపించిరి. నది పొంగినపుడెల్ల ఒండ్రును గట్టు చెంతనే ఎక్కువగా విడుచును గనుక ఏటి యొడ్డు మెరక. దూరము పోయిన కొలది పల్లము. పూర్వులు మెరకమీదనే యిండ్లు కట్టుకొనిరి. వారి వెనుక ఊబినేల, దాని యావల పాంచట్రెయిన్ సరస్సు. పేరునకు సరస్సే గాని, అది మన పులికాటువలె సముద్రముతో సంబంధము గలది. ఉప్పెన లేచినపుడు నీరు ఆ త్రోవనే ఊరి వెనుకకు వచ్చును.

1913లో ఆల్బర్ట్ బాల్డ్విన్ వుడ్ అను ఇంజనీరు గొప్ప పంపును కల్పించెను. అట్టి యంత్రములతో ఊబిని తోడి, ఎండిన నేలపై వీధులు వేసిరి. అయితే ఊబిమట్టి ఎండిన కొలది క్రుంగును. నేడు నగరములో ఇంచుమించు సగము సముద్రమట్టమునకు దిగువ నున్నది. ఇందులకు వుడ్డును నిందించుటకు నాకు మనసొప్పదు. రోగములకు నిలయమైన ఊబిని తొలగింపగోరుట తప్పు కాదు. అయినను పల్లము లోతైన కొలది కరకట్టలపై భారము హెచ్చెను.

గాలివానతో సంబంధము లేని యొక సంగతి నిచ్చట చెప్పక తప్పదు. 1927లో మిసిసిపీకి మహావరద వచ్చెను. నగరపు ధనికులు, బ్యాంకుల యజమానులు ప్రభుత్వము నొప్పించి, ఊరికి దిగువనున్న కార్నార్వన్ వద్ద కట్టను డైనమైటుతో ప్రేల్పించిరి. క్రింది పల్లెలవారు నిరాశ్రయులైరి. వాగ్దానము చేసిన పరిహారము వారిలో అనేకులకు సరిగా ముట్టలేదు. పైగా, ఎగువ కట్టలు తమంతట తామే తెగినందున ఆ ప్రేలుడు అనావశ్యక మని పిదప తేలెను.

1965 సెప్టెంబరు 9వ తేదీ రాత్రి బెట్సీ అను హరికేను వచ్చినపుడు కాలువకట్టలు తెగి, దిగువ తొమ్మిదవ వార్డు మునిగెను. అది ఎక్కువగా నల్లజాతి శ్రామికులు కాపురమున్న పేట. ధనికుల పేటలను కాపాడుటకై తమ కట్టను ప్రేల్చిరని అచ్చటివారు చెప్పుకొనిరి. దానికి సాక్ష్యము లేదు. నేను పిల్లలకు చరిత్ర చెప్పువాడను. సాక్ష్యము లేనిది చరిత్ర కాదని నిత్యము చెప్పుచుందును. కాని ఆ ప్రజలు 1927ను మరువలేదను మాట మాత్రము చరిత్రయే. ఒకసారి నిజముగా చేసిన ద్రోహము, చేయనివేళ సైతము నమ్మబడును.

మరునాడే అధ్యక్షుడు జాన్సన్ వచ్చి బాధితులను చూచెను. ఆ సంవత్సరమే సరస్సు ప్రక్కను, ఊరి చుట్టును కట్టలు కట్టుటకు శాసనసభ చట్టము చేసెను. పని పదమూడేండ్లలో ముగియునని తలచిరి. నలువదేండ్లకును ముగియలేదు.

2005 ఆగస్టు 29న కట్రీనా వచ్చెను. దాని కన్ను నగరముమీదుగాక తూర్పుగా పోయెను. అయినను కట్టలు, గోడలు ఏబదికి పైగా తావుల తెగి, నగరములో నూటికి 80 వంతులు మునిగెను. పదునేడవ వీధి కాలువపైని గోడ, నీరు దాని తలపైకి ఎక్కకముందే కూలినది. మెత్తని మట్టిలో దాని పునాది చాలినంత లోతునకు దిగలేదు. కట్టిన సైనిక ఇంజనీర్ల శాఖయే ఈ లోపమును 2006లో ఒప్పుకొనెను. ఊరు విడువుమని ముందురోజు ఆజ్ఞాపించిరి. బండి లేనివారు, ముసలివారు ఎట్లు పోగలరు? లూసియానాలో మృతులైనవారిలో ఇంచుమించు సగము మంది 75 ఏండ్లు నిండినవారు. మొత్తము మృతులు 1,800కు పైబడిరని చిరకాలము వ్రాసిరి. 2023లో హరికేను కేంద్రమువారు ఆ లెక్కను సవరించి 1,392 అనిరి. మొదటి పురాతన భాగము, అనగా ఏటి గట్టుననున్న ఫ్రెంచి పేట, చాలవరకు మునుగలేదు.

బాధితులు ప్రభుత్వముపై వ్యాజ్యము వేసిరి. ఇంజనీర్ల లోపమును న్యాయాధిపతి తీవ్రముగా గర్హించియు, కట్టలు తెగినందులకు పరిహార మిప్పింపలేనని 2008లో తీర్పు చెప్పెను. వరదకట్టల విషయమున ప్రభుత్వమును బాధ్యతనుండి తప్పించిన చట్టము 1928 నాటిది. 1927 వరద పిమ్మట చేసినదే.

ఊరి జనసంఖ్య 2000లో 4,84,674, 2010లో 3,43,829. వెడలినవారిలో అనేకులు తిరిగి రాలేదు.

అటుపిమ్మట 1,400 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి క్రొత్త కట్టలను, కాలువల మొగల తలుపులను, ఉప్పెనను ఆపు గొప్ప గోడను నిర్మించిరి. 2012లో ఐజక్ వచ్చినపుడు అవి నిలిచెను. 2021లో సరిగా కట్రీనా వచ్చిన దినముననే, అంతకంటె బలమైన గాలితో ఐడా తాకెను. కట్టలు నిలిచెను. కాని విద్యుత్తు తెచ్చు ఎనిమిది మార్గములును తెగి, నగరమంతయు చీకటిలో మునిగెను. మృతులలో పలువురు వృద్ధులు. వారిని చంపినది నీరు కాదు, చల్లదనము లేని గదులలోని ఉక్క. కట్టల వెలుపలనున్న లాప్లాస్ ఊరు నీట మునిగెను.

ఆ క్రొత్త కట్టలును క్రుంగుచున్నవనియు, సముద్రము హెచ్చుచున్నదనియు, వానిని మరల ఎత్తు చేయవలసియుండుననియు ఇంజనీర్లు ఐడాకు రెండేండ్ల ముందే, 2019లో, ప్రకటించియుండిరి.