మూగదెబ్బకు చిరిగే బృహద్ధమని

ఛాతీలోకి ఏదీ గుచ్చుకోకుండా, కేవలం దెబ్బ అదురుకే బృహద్ధమని గోడ చిరగడాన్ని బృహద్ధమని మూగగాయం అనవచ్చు. వాహన ప్రమాదాలు, ఎత్తు నుంచి పడిపోవడం దీనికి ముఖ్య కారణాలు. అలాగని ఇది మోటారు యుగపు జబ్బేమీ కాదు. గుర్రం మీంచి పడ్డ మనిషిలో ఈ గాయాన్ని శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆండ్రియాస్ వెసేలియస్ 1557లోనే గుర్తించాడు.

ఆస్పత్రికి ప్రాణాలతో చేరినవారిలో చిరుగు ఎక్కువగా ఒకే చోట కనిపిస్తుంది. ఎడమ చేతికి రక్తం తీసుకెళ్లే ధమని మొదలయ్యే చోటు దాటగానే ఉండే ఇస్త్‌మస్ అది. దానికి ఎగువన గుండె, ధమని వంపు కాస్త వదులుగా కదులుతుంటాయి. దిగువ భాగం వెన్నెముకను అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా తల్లి కడుపులో ఉన్నప్పుడు రక్తం పారిన చిన్న నాళమొకటి పుట్టాక ఎండి, తాడులా మారి, ఇస్త్‌మస్‌ను పుపుస ధమనికి కట్టేస్తుంది. బండి ఠక్కున ఆగినప్పుడు వదులు భాగం ముందుకు ఉరుకుతుంది, కట్టు ఉన్నది కదలదు. లాగుడంతా ఆ సందు మీదే పడుతుంది. రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య ధమని నలగడం, నొక్కుడుకు లోపలి రక్తపీడనం ఎగదన్నడం కూడా కారణాలే. ఏదో ఒక్కదాని మీదే నేరం మోపడం కష్టం.

ధమని గోడకు మూడు పొరలు. మూడూ తెగితే మనిషి సాధారణంగా ప్రమాద స్థలంలోనే పోతాడు. 1958లో పార్మ్‌లీ అనే వైద్యుడి బృందం 275 కేసులను పరిశీలించి ఇలా పోయేవారే అత్యధికులని చూపింది. లోపొరలు చిరిగి బయటి పొర మిగిలితే, రక్తం బుడగలా ఉబ్బి ఆగుతుంది. చాలామందికి ఛాతీ మీద కమిలిన మచ్చ కూడా ఉండదు. వీపు మధ్య నొప్పి, కాళ్లలో కంటే చేతుల్లో ఎక్కువ బీపీ ఉంటే అనుమానించాలి. ఎక్స్‌రేలో ఛాతీ నడిమి నీడ వెడల్పుగా కనిపించవచ్చు, తేల్చేది మాత్రం సీటీ యాంజియోగ్రామే.

ముందు మందులతో బీపీ, గుండె వేగం తగ్గిస్తారు. చిన్న చిరుగైతే అంతటితో సరిపోవచ్చు. పెద్దదైతే ఒకప్పుడు ఛాతీ కోసి ధమనికి క్లాంప్ వేసి కుట్టేవారు. వెన్నుపాముకు రక్తం అందక కాళ్లు పడిపోయే ముప్పుండేది. ఇప్పుడు ఎక్కువగా తొడ ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్ అనే గొట్టాన్ని పంపి లోపలి నుంచి మూసేస్తారు. వయసుతో ధమని వెడల్పవుతుంది, గ్రాఫ్ట్ అలా సాగదు. అందుకే దాన్ని వేయించుకున్నవారు జీవితాంతం స్కానింగ్‌లకు వెళ్తుండాలి.