ఎంట్రీ లెవెల్ హోమ్ థియేటర్ ప్రొజెక్టర్

ప్రేక్షకులు కూర్చున్న వైపు నుంచే తెరపై బొమ్మ వేసే యంత్రం ఫ్రంట్ ప్రొజెక్టర్. ఇళ్లలో సినిమా చూడటానికి వాడే ఎంట్రీ లెవెల్ రకాలు ప్రధానంగా డీఎల్‌పీ, త్రీ ఎల్‌సీడీ పద్ధతుల్లో పనిచేస్తాయి. గదిలో చీకటి ఎంత, తెర ఎంత, ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టాలి అన్నవి తేలాకే మోడల్ ఎంపిక సాధ్యమవుతుంది.

బొమ్మ ఏర్పడే విధానం

డీఎల్‌పీ చిప్‌పై లక్షలాది సూక్ష్మమైన అద్దాలు కదులుతూ కాంతిని తెర వైపు పంపుతాయి, లేదా పక్కకు మళ్లిస్తాయి. 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ దీన్ని రూపొందించారు. తక్కువ ధర మోడళ్లలో ఒకే చిప్ ఉంటుంది కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వేగంగా పడతాయి. చూపు తిప్పినప్పుడు కొందరికి తెల్లటి అంచుల దగ్గర ఈ రంగులు విడివిడిగా మెరుస్తాయి. దీన్నే రెయిన్‌బో ఎఫెక్ట్ అంటారు. త్రీ ఎల్‌సీడీలో మూడు రంగులకూ వేర్వేరు ప్యానెళ్లు ఉంటాయి. అందువల్ల ఈ ఇబ్బంది లేదు గానీ, ప్యానెళ్ల అమరిక కాస్త తప్పినా గీతల అంచుల్లో రంగు కనిపిస్తుంది.

వెలుగు, నలుపు

100 అంగుళాల 16:9 తెర వెడల్పు సుమారు 2.21 మీటర్లు, ఎత్తు 1.25 మీటర్లు. సినిమా హాళ్లలో తెర వెలుగుకు ప్రమాణం చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. పూర్తి చీకటి గదిలో, గెయిన్ (కాంతిని తిరిగి పంపే స్థాయి) 1 ఉన్న ఈ తెరపై ఆ స్థాయికి సుమారు 415 ల్యూమెన్లు చాలు. అయితే పెట్టె మీద రాసే అంకె సాధారణంగా అత్యధిక వెలుగు మోడ్‌ది. రంగులు సరిగా ఉండే సినిమా మోడ్‌లో అది బాగా తగ్గుతుంది. పైగా ల్యాంపు ఆయుష్షుగా చెప్పే గంటలు దాని వెలుగు సగానికి పడిపోయే సమయాన్ని సూచిస్తాయి. అందుకే లెక్కకు వచ్చినదానికన్నా చాలా ఎక్కువ ఏఎన్ఎస్ఐ (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన) ల్యూమెన్లు ఉన్నది తీసుకుంటారు.

ప్రొజెక్టర్ నల్లటి కాంతిని వేయలేదు. బయటి వెలుగు తెరపై పడితే నలుపు బూడిదరంగులోకి మారుతుంది. ల్యూమెన్లు పెంచితే తెలుపు పెరుగుతుందే తప్ప ఆ నలుపు తిరిగి రాదు. స్కోప్ అనే వెడల్పైన ఆకారంలో తీసిన తెలుగు సినిమాల విషయంలో ఇది మరీ ముఖ్యం. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. స్కోప్ చిత్రాన్ని 16:9 తెరపై వేస్తే బొమ్మ ఎత్తులో దాదాపు మూడొంతులే నిండుతుంది, అంటే నాలుగింట మూడు వంతులు. నలుపు బలహీనమైతే పైనా కిందా మిగిలిన పట్టీలు బూడిదరంగులో వెలుగుతూ కంటికి అడ్డొస్తాయి. ముదురు రంగు గోడలు, మందపాటి కర్టెన్లు ఈ లోపాన్ని చాలావరకు తగ్గిస్తాయి.

దూరం, రిజల్యూషన్

లెన్స్ నుంచి తెరకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది త్రో రేషియో. అది 1.5 అయితే 100 అంగుళాల తెరకు సుమారు 3.3 మీటర్ల దూరం కావాలి. వంకరగా పడ్డ బొమ్మను కీస్టోన్ సర్దుబాటు చక్కదిద్దుతుంది, కానీ అందులో కొన్ని పిక్సెళ్లు వృథా అవుతాయి. యంత్రాన్ని తెరకు ఎదురుగా బిగించడం, వీలైతే లెన్స్ షిఫ్ట్ (యంత్రాన్ని కదపకుండా బొమ్మను జరిపే సౌకర్యం) ఉన్నది తీసుకోవడం మేలు.

'4కే సపోర్ట్' అంటే 4కే సిగ్నల్‌ను స్వీకరించగలదని మాత్రమే అర్థం. చూడాల్సింది నేటివ్ రిజల్యూషన్, అంటే చిప్ లేదా ప్యానెల్‌లోని అసలు పిక్సెళ్ల సంఖ్య. 1920×1080 ఉంటే 100 అంగుళాల తెరకు సరిపోతుంది.

బడ్జెట్

ప్రొజెక్టర్ ధరతోనే ఖర్చు ముగియదు. తెర, స్పీకర్లు, పొడవైన హెచ్‌డీఎంఐ కేబుల్, సీలింగ్ మౌంట్, ల్యాంపు రకమైతే మార్పిడి ల్యాంపు ధర కూడా కలపాలి. పగలు లైట్ల మధ్య చూడటమే ఎక్కువైతే అదే డబ్బుకు పెద్ద టీవీ మెరుగైన ఎంపిక. గదిని చీకటి చేసుకోగలిగితేనే ప్రొజెక్టర్ పెట్టుబడికి న్యాయం జరుగుతుంది.